మూడు నాలుగు వైకల్యాలు కలిసి ఉన్న పిల్లల్ని ఏ స్కూల్లో వేయాలి?

మా పాపకి పదకొండేళ్లు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండకపోవడం) వల్ల సొంతంగా కూర్చోలేదు, ఫిట్స్ ఉన్నాయి, మాట రాదు, పైగా చూపు కూడా సరిగా అందదు. అంటే కళ్లు బాగానే ఉన్నాయి గానీ కన్ను చూసినదాన్ని మెదడు పోల్చుకోలేకపోతుందన్నమాట. ఇన్ని ఉన్నా ఇంట్లో ఎవరు ఏమన్నారో అన్నీ తెలుస్తాయి తనకి. వాళ్ల నాన్న బండి చప్పుడు వీధి మలుపులోనే పట్టేస్తుంది.

ఐదేళ్లు నిండాక స్కూలు కోసం తిరగడం మొదలుపెట్టాం. చూపు లేని పిల్లల స్కూలుకి వెళ్తే "నడవలేదు కదమ్మా, మా క్లాసులు పైన ఉంటాయి" అన్నారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల స్కూలుకి వెళ్తే ఫిట్స్ పేరు వినగానే మొహం మారిపోయింది. ఫిజియోథెరపీ సెంటర్ వాళ్లు వ్యాయామాలు చేయిస్తాం గానీ చదువు మా పని కాదన్నారు. ఒక ప్రైవేటు స్కూలు ప్రిన్సిపల్ అయితే చక్కగా టీ ఇప్పించి, "మిగతా పేరెంట్స్ ఒప్పుకోరండీ" అని పంపించేశారు.

మన దగ్గర స్పెషల్ స్కూళ్లు ఎక్కువగా ఒక్కో వైకల్యానికి ఒక్కోటి అన్న లెక్కన పుట్టాయి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. అంధుల బడి, బధిరుల బడి, బుద్ధిమాంద్యం బడి అలా. మన పిల్లలకి రెండు మూడు కలిసి ఉంటాయి కాబట్టి ఏ బడికి వెళ్లినా సగం పిల్లనే వాళ్లు చూస్తారు, మిగతా సగం "మాకు కుదరదు" అన్న మాటలో పోతుంది. అందుకని ఐదారేళ్లు తిరిగిన తర్వాత నాకు తోచింది చెప్తాను. "మంచి స్కూలు ఏది" అని వెతకడం మానేయండి. మీ పిల్ల నేర్చుకోవడానికి అన్నిటికంటే ఎక్కువ అడ్డం పడుతున్నది ఏది, దాని మీద పని చేయడం వచ్చిన మనిషి ఎక్కడ ఉన్నారు, ముందు ఈ రెండూ తేల్చుకోండి. మిగతా వైకల్యాల సంగతి ఆ మనిషికి మనం నేర్పించుకోవచ్చు.

ఎక్కువ పర్సంటేజ్ ఉన్నదే పెద్ద అడ్డంకి కాదు

వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌లో మా పాపకి కాళ్లూ చేతుల పర్సంటేజే ఎక్కువ పడింది, కాబట్టి మేమూ రెండేళ్లు ఫిజియో చుట్టూనే తిరిగాం. తను ఎందుకు బొమ్మల పుస్తకం వైపు చూడదు, ఎందుకు తల తిప్పేసుకుంటుంది అంటే బుద్ధి తక్కువేమో అనుకున్నాం, దేవుడు క్షమించాలి. ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ మేడమ్ వచ్చి గోడ మీద చార్టులన్నీ తీయించి, నల్లటి బట్ట పరిచి, దాని మీద ఒక్క ఎర్ర స్టీలు మూత పెట్టి, టీవీ ఆపించి, నిమిషం సేపు ఎవరూ మాట్లాడొద్దు అన్నారు. నిమిషం కాలేదు, పాప దాన్నే చూస్తోంది. మెదడు వల్ల చూపు మందగించిన పిల్లలకి ఒకేసారి ఒకే వస్తువు, గాఢమైన రంగు, వెనకాల ఖాళీ, చూసుకోవడానికి టైము ఉండాలని ఆరోజు తెలిసింది. మామూలు నర్సరీ క్లాసుల్లో గోడలనిండా రంగురంగుల బొమ్మలుంటాయి కదా, అది తన పాలిట శిక్ష.

అందుకే స్కూలు వెతుకులాట కంటే ముందు ఒక మంచి అసెస్‌మెంట్ చేయించండి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ (1984లో పెట్టినప్పటి పాత పేరు ఎన్ఐఎంహెచ్, ఇప్పటికీ ఆటోవాళ్లకి ఆ పేరు చెబితేనే తెలుస్తుంది) లాంటి చోట సైకాలజిస్టు, ఫిజియో, స్పీచ్, స్పెషల్ ఎడ్యుకేటర్ అందరూ ఒకే ఆవరణలో దొరుకుతారు. చూపు అనుమానం ఉంటే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పిల్లల చూపు పునరావాస విభాగం వేరే ఉంది. చెన్నై వెళ్లగలిగితే ముట్టుకాడులో బహుళ వైకల్యాల కోసమే పెట్టిన జాతీయ సంస్థ ఎన్ఐఈపీఎండీ ఉంది, 2005 నుంచి నడుస్తోంది. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా, చిన్నపిల్లల్లో లోపాల్ని తొందరగా గుర్తించడానికి ఉండే డీఈఐసీ సెంటర్‌లో అడగండి.

ఒక జాగ్రత్త. మాట రాని, వేలు చూపలేని పిల్లలకి ఐక్యూ పరీక్ష పెడితే వచ్చే అంకె మీద నాకు నమ్మకం లేదు. "బంతి ఏదో చూపించు" అంటే బంతి తెలిసినా చూపించే చేయి కదలదు కదా. పిల్లకి ఏమేం చేతనవునో చూసి గ్రూపు తేల్చడానికి స్పెషల్ స్కూళ్లలో ఎక్కువగా వాడే ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టులో ప్రీ-ప్రైమరీ, ప్రైమరీ, సెకండరీ, ప్రీ-వొకేషనల్ అని గ్రూపులుంటాయి, చివర్లో కేర్ గ్రూప్ అని ఒకటి ఉంటుంది. మన పిల్లల్ని చేతులు పనిచేయవని తీసుకెళ్లి అందులో వేసేస్తారు, ఇక ఆ గదిలో తినిపించడం, శుభ్రం చేయడం తప్ప పెద్దగా ఏమీ జరగదు. "కంటిచూపుతో చూపించినా జవాబు కింద తీసుకున్నారా?" అని అడగండి. తీసుకోకపోతే మళ్లీ చేయమనండి, మొహమాటపడకండి.

ఇన్‌క్లూజివ్ బోర్డు పెట్టుకున్న ప్రైవేటు స్కూలు

వైకల్యం ఉన్న పిల్లల్ని మిగతా పిల్లలతో కలిపి చదివిస్తామనే ఈ స్కూళ్ల గురించి తొందరగా చెప్పేస్తాను. ఒకటే వైకల్యం, అదీ తక్కువగా ఉండి, క్లాసు పాఠం అందుకోగలిగిన పిల్లలకి ఇది చాలా బాగుంటుంది. మన పిల్లల విషయంలో మాత్రం క్లాసులో పిల్ల పక్కనే కూర్చుని సాయం చేసే షాడో టీచర్ జీతం మనమే ఇచ్చుకోవాలి, ఆమె మానేసిన రోజు పిల్ల ఇంట్లో ఉంటుంది, ఫీజు మాత్రం ఎక్కడికీ పోదు. నాకు తెలిసిన ఒకావిడ ఏడాదిలో నలుగురు షాడో టీచర్లని మార్చింది. అయితే తోటి పిల్లల గోల, ఆటలు, పాటలు ఇక్కడ దొరికినంతగా ఇంకెక్కడా దొరకవు, అది కూడా నిజమే. మా పాప ఎక్కువ నవ్వేది పిల్లల అల్లరి వినపడినప్పుడే. అంత ఖర్చు పెట్టుకోగలిగి, స్కూలు కింది అంతస్తులో క్లాసు ఇచ్చి, లోపల షాడో టీచర్‌ని గైడ్ చేయడానికి స్కూలు తరఫున ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉంటే ఆలోచించండి. మూడింట్లో ఒకటి తగ్గినా వద్దంటాను.

సర్కారు బడి, భవిత సెంటర్

మధ్యతరగతి వాళ్లం దీన్ని అసలు లెక్కలోకే తీసుకోం. మేమూ తీసుకోలేదు, పొరపాటు చేశాం. రెండు రాష్ట్రాల్లోనూ చాలా మండలాల్లో ఏదో ఒక సర్కారు బడి ఆవరణలో భవిత సెంటర్ ఉంటుంది. సమగ్ర శిక్ష కింద నియమించిన స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లు (తెలంగాణలో ఐఈఆర్‌పీ అంటారు) అక్కడ కూర్చుంటారు, ఫిజియో వారంలో ఏదో ఒక రోజు వస్తారు. బడిలో పేరు రాయిస్తే పాపకి రవాణా, తోడు అలవెన్సులకి అడగొచ్చు, ఆడపిల్లలకి నెలకి 200 చొప్పున పది నెలలు స్టైపెండ్ ఉంది, కొలతలు తీసే క్యాంపు పెట్టినప్పుడు వికలాంగుల పరికరాలు చేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో వాళ్ల సీపీ చైర్ (సెరిబ్రల్ పాల్సీ పిల్లల్ని పడిపోకుండా కూర్చోబెట్టే కుర్చీ), వీల్‌చైర్ లాంటివి ఉచితంగా వస్తాయి. బయట మంచి సీపీ చైర్ కొనాలంటే ధర విన్నాక మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు.

లోపాలూ ఉన్నాయి. మండలం మొత్తానికి టీచర్లు ఒకరో ఇద్దరో, వాళ్లకి సర్వేలు, మీటింగులు, ఆన్‌లైన్ ఎంట్రీలు వేరే. మీరు వెళ్లిన రోజు సెంటర్‌కి తాళం కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. కాబట్టి భవితని పూర్తి రోజు స్కూలుగా అనుకోకండి, వారానికి రెండు మూడు రోజులు, పూటకి రెండు గంటలు అనుకుంటే నిరాశ ఉండదు. టీచర్ బాగా దొరికితే మాత్రం వేలు పోసిన చోట కూడా అంత ఓపిక దొరకదు. మాకు నల్ల బట్ట, ఎర్ర మూత చూపించిన మేడమ్ భవిత టీచరే.

సర్కారు బడి హెడ్‌మాస్టర్ చేర్చుకోనంటే గొడవ పడనక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 31వ సెక్షన్ ప్రకారం వైకల్యం 40 శాతం, ఆ పైన ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకి దగ్గర్లోని బడిలో గానీ, తాము ఎంచుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉందని ఒక కాగితం మీద రాసి, సర్టిఫికెట్ జిరాక్స్ జతచేసి, ఎంఈవో ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు అడిగితేనే సగం పని జరుగుతుంది.

స్పెషల్ స్కూలు

ఎక్కువమందికి చివరికి కుదిరేది ఇదే, కానీ స్పెషల్ స్కూళ్లన్నీ ఒకటి కాదు. కొన్ని నిజంగా స్కూళ్లు, కొన్ని థెరపీ సెంటర్లు, కొన్ని పగటిపూట పిల్లల్ని చూసుకునే చోట్లు, బోర్డు మీద మాత్రం అందరూ స్కూలనే రాసుకుంటారు. తేడా ఎలా తెలుస్తుందంటే, మా పాపకి వచ్చే ఆరు నెలల్లో ఏం నేర్పిస్తారని అడగండి. "అన్నీ నేర్పిస్తామమ్మా, ఇంప్రూవ్‌మెంట్ ఉంటుంది" అంటే అది జవాబు కాదు. "రెండు వస్తువులు పెడితే కావలసినదాని వైపు చూసి అడగడం, గ్లాసు మూతికి తగలగానే నోరు తెరవడం, ఇరవై నిమిషాలు చైర్లో కూర్చోవడం" ఇలా లెక్కపెట్టగలిగినవి చెబితే వాళ్లకి పని తెలుసు. దాన్నే ఐఈపీ అంటారు, పిల్లకి విడిగా రాసిన ప్లాను. పాత పిల్లల ఐఈపీ ఫైలు ఒకటి పేరు మూసి చూపించమనండి. నేను చూసిన ఒక చోట పదిమంది పిల్లల ఫైళ్లలోనూ అవే ఐదు వాక్యాలు, పేర్లు మాత్రమే మారాయి.

టీచర్లకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడగడం తప్పు కాదు. ఎంతమంది పిల్లలకి ఒక టీచర్ అన్నది కూడా అడగండి. మామూలు బళ్లలోనే వికలాంగ పిల్లలకి ప్రైమరీలో పదిమందికి ఒకరు, ఆ పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నం తినిపించాల్సిన, ఎత్తి కూర్చోబెట్టాల్సిన పిల్లలున్న గదిలో పదిమందికి ఒకరంటే ఏ మూలకీ చాలదు, నా లెక్కన నలుగురికి ఒకరు, పక్కన ఒక ఆయమ్మ ఉంటే గానీ రోజు గడవదు.

ఇక మీ పిల్ల పెద్ద అడ్డంకి ప్రకారం. చూపు, వినికిడి రెండూ పోయిన పిల్లలకి మామూలు అంధుల బడి గానీ బధిరుల బడి గానీ పనికిరాదు, చేతిలో చేయి పెట్టి నేర్పే పద్ధతి తెలిసినవాళ్లు కావాలి. వీరి కోసమే 1997 నుంచి పనిచేస్తున్న సెన్స్ ఇండియా వాళ్లని సంప్రదిస్తే మీకు దగ్గరలో ఎవరున్నారో అడగొచ్చు. బుద్ధి బాగానే ఉండి ఒళ్లు మాత్రం కదలని పిల్లల్ని బుద్ధిమాంద్యం బడిలో వేస్తే వాళ్లు విసుగుతో ఏడుస్తారు, దాన్ని బిహేవియర్ ప్రాబ్లమ్ అంటారు. అలాంటివాళ్లకి స్పెషల్ స్కూల్లో థెరపీ, చదువుకి ఓపెన్ స్కూలు కలిపి చూసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు ఎన్ఐఓఎస్‌లో 3, 5, 8 తరగతులకి సమానమైన మూడు లెవెల్స్ ఉన్నాయి, పదో తరగతికి ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు, ఒక్కో సబ్జెక్టూ విడివిడిగా రాసుకోవచ్చు. బుద్ధి, ఒళ్లు రెండూ బాగా దెబ్బతిన్న పిల్లలకి పదో తరగతి పేరుతో టెన్షన్ పెట్టుకోకుండా, కావలసింది అడగడం, తినడం, బాత్‌రూమ్ సైగ చేయడం, ఇవే సిలబస్ అనుకోండి.

ఇంటి దగ్గరే చదువు

బహుళ వైకల్యాలు, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గర చదువు కోరుకోవచ్చని విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణలో ఉంది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లతో నెలకోసారి ఆసుపత్రిలో పడే పిల్లలకి, గొట్టంతో ఆహారం ఇచ్చే పిల్లలకి, రోజుకి చాలాసార్లు ఫిట్స్ వచ్చే పిల్లలకి కొన్నాళ్లు ఇదే సరి. కానీ "కోరుకోవచ్చు" అన్న మాటని గమనించండి, కోరుకోవాల్సింది మీరు, బడి వాళ్లు కాదు. కొన్ని చోట్ల దీన్ని పిల్లని బడిలోకి రానివ్వకుండా ఉండటానికి మర్యాదైన దారిలా వాడతారు. అప్పుడు బడి రిజిస్టర్లో పేరుంటుంది, టీచర్ వారానికో పది రోజులకో ఒకసారి వచ్చి సంతకం పెట్టించుకుని వెళ్తుంది, అమ్మ మాత్రం ఇరవై నాలుగు గంటలూ టీచర్, ఫిజియో, ఆయమ్మ అన్నీ అవుతుంది. మా ఇంట్లో ఇది ఏడాదిన్నర నడిచింది. పాపకి పెద్దగా నష్టం కాలేదు గానీ నాకు నడుం పోయింది, మా అత్తమ్మ, నేను ఒకరి మీద ఒకరం అరుచుకోవడం ఎక్కువైంది. ఇంటి చదువు ఎంచుకుంటే ఎప్పటివరకు అన్నది కూడా అప్పుడే రాసిపెట్టుకోండి, ఆరు నెలలా, ఏడాదా.

హాస్టల్, ఊరు మారడం

మాట రాని పిల్లని హాస్టల్లో వేయొద్దు. తనకి ఏం జరిగినా చెప్పుకోలేదు. అంతకంటే దీని మీద నేను రాసేదేమీ లేదు.

ఊరు మారడం మాత్రం అంత తేలిక ప్రశ్న కాదు. మాది ఖమ్మం, అందరూ హైదరాబాద్ వెళ్లిపోండి అన్నారు. వెళ్తే థెరపిస్టులు ఎక్కువ, నిజమే. కానీ అక్కడ అద్దె, లిఫ్ట్ ఉన్న ఇల్లు, రోజూ ట్రాఫిక్‌లో గంటన్నర ప్రయాణం (ఫిట్స్ ఉన్న పిల్లకి నిద్ర తగ్గితే ఫిట్స్ పెరుగుతాయి), పైగా ఇక్కడ పాపని ఎత్తుకునే మా మరిది, పక్కింటి పిన్ని అక్కడ ఉండరు. మేం వెళ్లలేదు. మూడు నెలలకోసారి పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి అసెస్‌మెంట్ చేయించి ప్లాను రాయించుకొస్తాం, ఇక్కడి టీచర్ దాన్ని నడిపిస్తుంది. విశాఖలో ఉన్నవాళ్లకి లెబెన్‌షిల్ఫే లాంటి పాత సంస్థ ఊళ్లోనే ఉంది, వాళ్లకి ఈ తలనొప్పి తక్కువ. చిన్న ఊళ్లవాళ్లు మాత్రం ముందు ఇలా పెద్ద ఊరి ప్లాను, సొంత ఊరి టీచర్ కలిపి ఏడాది చూసి, అప్పుడు మారండి.

డబ్బు సంగతి కూడా లెక్కేసుకోండి. వికలాంగుల పెన్షన్ నెలకి తెలంగాణలో 4,016, ఆంధ్రప్రదేశ్‌లో 6,000. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా పాలసీలో ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది, ముందుగా మెడికల్ టెస్టులు అడగరు, థెరపీ బిల్లుల్లో కొంత వెనక్కి వస్తుంది. పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లయితే వైకల్యం ఉన్న పిల్లల పోషణకి (80డీడీ అంటారు) ఆదాయంలో 75,000, వైకల్యం 80 శాతం, ఆ పైన ఉంటే 1,25,000 తగ్గింపు ఉంది.

చూడ్డానికి వెళ్లేటప్పుడు

పొద్దున ప్రార్థన టైముకి వెళ్లకండి, అప్పుడు ఏ స్కూలైనా బాగుంటుంది. మధ్యాహ్నం అన్నం టైముకి వెళ్లండి. పిల్లల్ని నిటారుగా కూర్చోబెట్టి తినిపిస్తున్నారా, తల వెనక్కి వంచి గరిటెతో పోస్తున్నారా? మన పిల్లల్లో చాలామందికి మింగడం కష్టం, తల వెనక్కి వాల్చి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిమోనియా ఎక్కణ్నుంచి వచ్చిందో మనకి తెలియను కూడా తెలియదు. తర్వాత బాత్‌రూమ్ చూడండి. డైపర్ మార్చడానికి బల్ల ఉందా, నేల మీదేనా, తలుపు వేస్తున్నారా, పెద్ద ఆడపిల్లలకి మార్చేది ఎవరు? పదేళ్లు దాటిన ఆడపిల్ల ఉన్నవాళ్లకి ఇది మొదటి ప్రశ్న, సిలబస్ ఆ తర్వాత.

ఫిట్స్ వస్తే ఏం చేస్తారని టీచర్‌ని అడగొద్దు, ఆయమ్మని అడగండి, ఎందుకంటే పక్కన ఉండేది ఆమె. మేం చూసిన ఒక చోట ఆయమ్మ "తాళాలు చేతిలో పెడతామమ్మా, ఉల్లిపాయ వాసన చూపిస్తాం" అంది. పాపం ఆమె తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే డాక్టర్ రాసిచ్చిన ముక్కు స్ప్రే కొట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఇంతే. నేర్చుకుంటామన్న స్కూలైతే చాలు, ఇప్పటికే తెలిసి ఉండాలని లేదు.

చివరగా, టీచర్ మీ పిల్లతో మాట్లాడుతోందా, మీతోనే మాట్లాడుతోందా గమనించండి. మేం చేర్చిన చోట మేడమ్ మా వైపు చూడకుండా ముందు పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని, పేరు చెప్పి, జవాబు కోసం ఆగింది. చాలాసేపు ఆగింది. పాప కళ్లు తిప్పింది. ఆ స్కూల్లో ర్యాంప్ సరిగా లేదు, వ్యాన్ లేదు, ఫిజియో వారానికి రెండు రోజులే. అయినా అక్కడే వేశాం, ర్యాంప్ మేమే సిమెంటుతో పోయించాం. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు అక్కడ, ఒక రోజు భవితలో. రెండేళ్లకోసారి మళ్లీ మొదటినుంచి ఆలోచించాలని మాట పెట్టుకున్నాం, ఎందుకంటే ఆరేళ్లప్పుడు కుదిరింది పదమూడేళ్లప్పుడు కుదరదు, ఎత్తడం దగ్గరే తేడా వచ్చేస్తుంది.

చేర్చే ముందు రెండు వారాలు ట్రయల్ అడగండి, రోజుకి రెండు గంటలు, మీరు గది బయట కూర్చుని. బ్యాగులో ఒకే పేజీ కాగితం పెట్టండి, తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఏం తింటుంది, ఎలా కూర్చోబెట్టాలి, అవునంటే ఏం చేస్తుంది, కాదంటే ఏం చేస్తుంది, నొప్పి పుడితే ఎలా ఏడుస్తుంది, ఏ మందు ఎన్నింటికి, ఫిట్స్ వస్తే వరసగా ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి. లామినేట్ చేయించి ఒక కాపీ టీచర్‌కి, ఒకటి ఆయమ్మకి, ఒకటి ఆటో డ్రైవర్‌కి ఇవ్వండి. దారిలో ఫిట్స్ వస్తే ముందు చూసేది ఆయనే.